ఆ మెయిల్ ముందు ఎవరు తెరిచారు?

(హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ సెక్యూరిటీ విభాగంలో పనిచేస్తున్న ఇంజినీరు, ఒక ఇంజినీరింగ్ కాలేజీ చివరి సంవత్సరం విద్యార్థులతో మాట్లాడిన ప్రసంగానికి అక్షర రూపం. చివర అడిగిన ప్రశ్నల్లో రెండింటిని కూడా చేర్చాం.)

అందరికీ నమస్కారం. సార్ నన్ను "ఎథికల్ హ్యాకర్" అని పరిచయం చేశారు, అంటే దొంగతనానికి కాకుండా సరిచేయించడానికి లోపాలు వెతికే మనిషి అని. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ ఆ మాట చెప్పలేదండీ. మా అమ్మకి తెలిసినంతవరకూ నేను కంప్యూటర్ ఉద్యోగం చేస్తాను, అంతే. మీరు ఈ వీడియో యూట్యూబ్‌లో పెడితే ఆ గుట్టు కాస్తా పోతుంది.

అమ్మ మాట వచ్చింది కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడతాను. చాలా ఏళ్ళ కిందట అమ్మకి షుగరు, థైరాయిడ్ పరీక్షలు చేయించాం. మా ఊళ్ళో ల్యాబే. సాయంత్రానికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, రిపోర్ట్ సిద్ధం, ఈ లింక్ నొక్కండి అని. నొక్కితే పీడీఎఫ్ తెరుచుకుంది. పాస్‌వర్డ్ లేదు, ఓటీపీ లేదు. లింక్ చివర ఆరంకెల నంబరు. అది చూశాక నా చెయ్యి ఊరుకోలేదు. మీలో సగం మంది చెయ్యి కూడా ఊరుకోదని తెలుసు, నవ్వకండి. చివరి అంకె 4 ఉంటే 5 చేశాను. తెనాలి ఆవిడెవరిదో రిపోర్ట్ వచ్చింది. పేరు, వయసు, ఫోన్ నంబరు, కింద రక్తం లెక్కలు. గబుక్కున మూసేశాను, ఇంకోటి తెరవలేదు. కానీ ఆ ఒక్కటి చాలు కదా. నంబర్లు వరసగా మార్చుకుంటూ పోయే పది లైన్ల ప్రోగ్రాం రాసి పడుకుంటే, ఆ ల్యాబ్ గడప తొక్కిన ప్రతి మనిషి ఒంట్లో ఏముందో తెల్లారేసరికి మన ల్యాప్‌టాప్‌లో ఉంటుంది.

సరే, వాళ్ళకి చెప్పాలి. ఎవరికి చెప్పాలి? వెబ్‌సైట్‌లో ఉన్న ఫోన్ నంబరుకి చేశాను. ఎత్తిన అమ్మాయి ఎంతో మర్యాదగా, "పొద్దున ఏడింటికి మనిషిని పంపిస్తాం మేడమ్, ఏమీ తినకుండా ఉండండి" అంది. నేను చెప్పేది ఆ అమ్మాయికి ఎక్కలేదు. ఎక్కాల్సిన అవసరమూ లేదు, ఆమె పని అది కాదు. చివరికి పేజీ అడుగున దొరికిన అడ్రసుకి ఎనిమిది లైన్ల మెయిల్ రాశాను. పదకొండు రోజులు చప్పుడు లేదు. పన్నెండో రోజు ఫోనొచ్చింది.

"అమ్మా, మీరు మా సిస్టమ్‌లోకి వచ్చారంట?"

"రాలేదండీ. తలుపు తీసి ఉందని చెప్పాను."

"అసలు మీరు తలుపు దాకా ఎందుకొచ్చారు?"

ఈ ప్రశ్నకి నా దగ్గర ఇవాళ్టికీ మంచి జవాబు లేదు. తర్వాతి వారం వకీలు నోటీసు వచ్చింది. మా నాన్న దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, "మనకెందుకొచ్చిన గొడవ తల్లీ" అన్నారు. ఆయన్ని తప్పు పట్టను. నోటీసు కాగితం ఇంట్లోకి రావడమే మా ఇంట్లో మొదటిసారి.

ఉన్న మాటంటే ఉలుకెక్కువ అంటారు. అయితే ఉలిక్కిపడ్డాక ఎవరేం చేస్తారన్నదే అసలు విషయం. నేనిప్పుడు అవతలి కుర్చీలో ఉన్నాను. "మీ సాఫ్ట్‌వేర్‌లో ఈ లోపం ఉంది" అని లోకంలో ఎక్కడెక్కడివాళ్ళో రాసే రిపోర్టులు తెరిచి చదవడమే నా ఉద్యోగం. రెండు వైపులా ఉండి చూశాక నాకు తోచింది చెప్తాను. కంపెనీ మంచిదా చెడ్డదా, పెద్దదా చిన్నదా అన్నదాన్ని బట్టి జవాబు రాదు. ఆ మెయిల్ ముందు ఎవరి చేతిలో పడిందన్నదాన్ని బట్టి వస్తుంది. ఇంజినీరు చేతిలో పడితే ఒక దారి. వకీలు చేతిలో పడితే ఇంకో దారి. పత్రికలకి ప్రకటనలు రాసే మనిషి చేతిలో పడితే మూడో దారి. ఎవరి చేతిలోనూ పడకుండా ఆ ఇన్‌బాక్స్‌లోనే మురిగిపోవడం నాలుగోది. మన దగ్గర ఎక్కువ ఇదే.

వకీలు దారి ఎలా ఉంటుందో చూడాలంటే 2005 జులైకి వెళ్ళాలి. లాస్ వేగాస్‌లో బ్లాక్ హ్యాట్ అనే సదస్సు. మైకేల్ లిన్ అని ఐఎస్‌ఎస్ అనే సెక్యూరిటీ కంపెనీలో పరిశోధకుడు. సిస్కో కంపెనీ రౌటర్లలో, అంటే ఇంటర్నెట్ సమాచారాన్ని దారి చూపి పంపే పెట్టెల్లో, బయటివాడు తన కోడ్ నడిపించొచ్చని చూపించబోతున్నాడు. అప్పటిదాకా అందరి నమ్మకం ఏమిటంటే, రౌటర్ మీద దాడి చేస్తే మహా అయితే అది ఆగిపోతుంది, మళ్ళీ ఆన్ చేసుకుంటే సరి. లోపలికి దూరి కూర్చోవచ్చని ఎవరూ అనుకోలేదు. ఇంటర్నెట్‌లో చాలా భాగం సిస్కో పెట్టెల మీదుగానే పోతుంది కాబట్టి ఇది చిన్న మాట కాదు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, ఆయన వాడుకున్న ఆ ఫలానా లోపానికి సిస్కో అప్పటికే ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే కోడ్, ఇచ్చేసింది. ప్రసంగానికి ఆయన కంపెనీ కూడా ముందు సరేనంది.

తీరా సదస్సు దగ్గరపడ్డాక రెండు కంపెనీలకీ మనసు మారింది. ఆ ప్రసంగం తాలూకు స్లైడ్లు సదస్సు పుస్తకంలో అప్పటికే అచ్చయిపోయాయి. ఏం చేశారు? మనుషుల్ని పెట్టి, అచ్చయిన పుస్తకాల్లోంచి ఆ పేజీలు చేత్తో చింపించారు. వేల పుస్తకాలు. సీడీలు తీసేసి వేరేవి పెట్టించారు. ఒక్క క్షణం మీరు ఆ సదస్సుకి వెళ్ళినవాళ్ళనుకోండి. చేతికిచ్చిన పుస్తకం తెరిస్తే మధ్యలో పేజీలు లేవు, కుట్టు దగ్గర చిరుగులు మిగిలాయి. ఇక మీకు ఆ పుస్తకంలో మిగతా ప్రసంగాల మీద ధ్యాస ఉంటుందా?

లిన్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, జులై 27న వేదికెక్కి ఆ ప్రసంగమే చేశాడు. ఆ రోజే రెండు కంపెనీలూ కోర్టుకెళ్ళాయి. ఇక మీదట దీని గురించి మాట్లాడనని రాజీ కుదిరింది. ఈలోపు స్లైడ్లు నెట్ అంతా పాకాయి. పెట్టిన వెబ్‌సైట్లకల్లా వకీళ్ళు నోటీసులు పంపారు, పంపినకొద్దీ ఇంకో నాలుగు చోట్ల తేలాయి. ఆ పేజీలు చింపకపోయి ఉంటే గదిలో ఉన్న కొన్ని వందలమంది విని, కాఫీ తాగి వెళ్ళిపోయేవాళ్ళేమో.

మూడేళ్ళకి బోస్టన్‌లో ఇంతకంటే తమాషా జరిగింది. అక్కడి మెట్రో టికెట్ కార్డుల్లో లోపాలున్నాయని ఎమ్ఐటీ విద్యార్థులు ముగ్గురు, మీ వయసు వాళ్ళే, క్లాసు ప్రాజెక్టులో కనిపెట్టారు. 2008 ఆగస్టులో డెఫ్‌కాన్ సదస్సులో చెప్పబోతే, రవాణా సంస్థ ముందు రోజు కోర్టు నుంచి ఆపుదల ఉత్తర్వు తెచ్చింది. ప్రసంగం ఆగింది. స్లైడ్లున్న సీడీలు మాత్రం అప్పటికే సదస్సుకొచ్చినవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. దానికి తోడు, ఆ పిల్లలు సంస్థకి విడిగా, రహస్యంగా ఇచ్చిన రిపోర్టుని వకీళ్ళు దావా కాగితాలకి జతచేసి కోర్టులో పెట్టారు. కోర్టు కాగితం ఎవరైనా చూడొచ్చు. స్లైడ్లలో లేని వివరాలు కూడా అందులో ఉన్నాయి! ఇంటి గుట్టు లంకకి చేటు అంటారు కానీ, ఇక్కడ ఆ గుట్టు విప్పడానికి విభీషణుడు కూడా అక్కర్లేకపోయింది. పది రోజుల తర్వాత జడ్జి ఆ ఉత్తర్వు పొడిగించనన్నారు.

వకీళ్ళని తిడుతున్నానని అనుకోకండి, మా కంపెనీలో వకీలు నాకు మంచి స్నేహితురాలు. ప్రమాదం కనిపిస్తే మనిషిని ఆపడం వాళ్ళ విద్య. ఇంజినీరుకి ప్రమాదం లోపంలో కనిపిస్తుంది, వకీలుకి ఆ లోపం గురించి మాట్లాడుతున్న మనిషిలో కనిపిస్తుంది. ఇద్దరూ చూసేది ఆ ఎనిమిది లైన్ల మెయిలే.

ఒకే ఆఫీసులో ఈ రెండు చూపులూ ఎలా ఢీకొంటాయో చెప్పే ఉదంతం ఒకటుంది, నాకు చాలా ఇష్టమైనది. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రం, 2021 అక్టోబరు. సెయింట్ లూయిస్ పోస్ట్ డిస్పాచ్ అనే పత్రిక విలేకరి, విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఒక పేజీ చూస్తూ పేజీ సోర్స్, అంటే ఆ పేజీ వెనకున్న కోడ్, తెరిచాడు. కీబోర్డు మీద ఎఫ్12 నొక్కితే వస్తుందే, అదే. అందులో టీచర్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లున్నాయి. మనకి ఆధార్ ఎంతో వాళ్ళకి ఆ నంబరు అంత. లక్ష మంది టీచర్లకి పైగా ప్రమాదంలో ఉన్నారని లెక్క తేలింది. పత్రిక పద్ధతిగా ముందు విద్యాశాఖకి చెప్పింది, వాళ్ళు ఆ పేజీ తీసేసేదాకా ఆగి అప్పుడు వార్త వేసింది. ఇంతకంటే మర్యాదగా ఎవరూ చెయ్యలేరు.

మర్నాడు గవర్నర్ విలేకరుల సమావేశం పెట్టి, ఆ విలేకరి హ్యాకర్ అనీ, కేసు పెడతామనీ ప్రకటించారు. లోకమంతా నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత బయటికొచ్చిన ఆఫీసు మెయిళ్ళు చదివాక మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే, విద్యాశాఖ మొదట సిద్ధం చేసుకున్న ప్రకటనలో ఏముందో తెలుసా? విషయం మా దృష్టికి తెచ్చిన పాత్రికేయుడికి కృతజ్ఞతలు అని! ఆ వాక్యం రాసిన మనిషి ఎవరో, ఎంత సరిగ్గా ఆలోచించారో చూడండి. ఆ కాగితం రెండు మూడు టేబుళ్ళు దాటేసరికి కృతజ్ఞత పోయి కేసు మిగిలింది. కొన్ని నెలలు దర్యాప్తు నడిచింది, 2022 ఫిబ్రవరిలో ప్రాసిక్యూటర్ కేసు పెట్టడం లేదని తేల్చేశారు.

ఇక ఇంజినీరు చేతిలో పడితే అంతా సవ్యమేనా అంటే, అదీ కాదు. 2013 ఆగస్టు. పాలస్తీనాకి చెందిన ఖలీల్ ష్రేతే అనే అతనికి ఫేస్‌బుక్‌లో ఒక లోపం దొరికింది. స్నేహితుడు కాకపోయినా ఎవరి గోడ మీదైనా పోస్టు పెట్టొచ్చు. ఫేస్‌బుక్ సెక్యూరిటీ టీమ్‌కి రాశాడు. అతని ఇంగ్లిష్ అంతంతమాత్రం, మెయిల్లో వివరాలు కూడా తక్కువ. "ఇది బగ్ కాదు" అని జవాబొచ్చింది. అతనేం చేశాడు? బగ్ కాదంటే సరే, చూపిస్తానని మార్క్ జుకర్‌బర్గ్ గోడ మీదే పోస్టు పెట్టాడు. మీ ప్రైవసీకి అడ్డొచ్చినందుకు క్షమించండి, మీ వాళ్ళకి చెప్తే వినలేదు అని రాశాడు. నిమిషాల్లో ఫేస్‌బుక్ ఇంజినీరు పలికాడు. లోపం మూశారు. అతని ఖాతాని కొంతసేపు ఆపేశారు కూడా. లోపం చెప్పినవాళ్ళకి కంపెనీ ఇచ్చే బహుమతి మాత్రం ఇవ్వలేదు, వేరేవాళ్ళ ఖాతా మీద ప్రయోగం చెయ్యడం నిబంధనలకి విరుద్ధం అని. నిబంధన నిజమే. కానీ చూస్తున్న జనానికి అది రుచించలేదు. మార్క్ మైఫ్రెట్ అనే సెక్యూరిటీ నిపుణుడు చందాలు పోగుచేస్తే పది వేల డాలర్లకి పైగా వచ్చాయి.

అప్పుడు ఫేస్‌బుక్ సెక్యూరిటీ అధిపతి జో సల్లివాన్ అని. మేం తొందరపడి కొట్టిపారేశాం, ఇంకాస్త వివరం అడిగి ఉండాల్సింది అని ఆయన బహిరంగంగా ఒప్పుకున్నారు. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

ఖలీల్ కథ నాకు గుచ్చుకుంటుంది. ఎందుకో చెప్తాను. ఒక శుక్రవారం సాయంత్రం ఆరింటికి నా స్క్రీన్ మీద ఒక రిపోర్టు. నాలుగు లైన్లు, ఒక వీడియో. వీడియోలో కుర్రాడు మాట్లాడడు, మౌస్ మాత్రం కదులుతూ ఉంటుంది, వెనక ఫ్యాన్ చప్పుడు. ఇంగ్లిష్‌లో కర్త ఎక్కడో క్రియ ఎక్కడో. నేను ఒకటిన్నర నిమిషం చూసి "ప్రభావం లేదు" అని మూసేసి ఇంటికెళ్ళిపోయాను. ఐదు వారాల తర్వాత ఇంకొకరు అదే లోపాన్ని శుభ్రమైన ఇంగ్లిష్‌లో, బొమ్మలతో సహా రాశారు. అది చదువుతుంటే వెన్ను జలదరించింది. మా కస్టమర్ల ఇన్‌వాయిస్‌లు వేరే కస్టమర్లకి కనిపిస్తున్నాయి. పాత రిపోర్టు తిరిగి తెరిచాను. అదే. అక్షరాలా అదే. ల్యాబ్ వాళ్ళు నాకు చేసింది నేను ఆ కుర్రాడికి చేశాను, కాస్త మర్యాదగా చేశానంతే. మా మేనేజర్‌కి చెప్పి అతనికీ బహుమతి ఇప్పించాను, క్షమించమని రాశాను. "పర్లేదు మేడమ్, వేరే కంపెనీలైతే ఇది కూడా రాయరు" అని జవాబిచ్చాడు. ఆ జవాబు చదివాక ఇంకా సిగ్గేసింది.

అదే ఫేస్‌బుక్ 2016కి వచ్చేసరికి చూడండి. బెంగళూరు కుర్రాడు ఆనంద్ ప్రకాశ్ ఒక లోపం కనిపెట్టాడు. పాస్‌వర్డ్ మర్చిపోతే ఫోన్‌కి ఆరంకెల కోడ్ వస్తుంది కదా, అసలు సైట్‌లో పది పన్నెండు తప్పులు కొట్టేసరికి ఆపేస్తుంది. వాళ్ళ బీటా సైట్‌లో (కొత్త మార్పులు ముందు పరీక్షించుకునేది) ఆ ఆపడం లేదు. పది లక్షల కోడ్‌లూ ప్రయత్నిస్తూ పోతే ఎవరి ఖాతా అయినా తెరుచుకుంటుంది. ఫిబ్రవరి 22న రాశాడు, 23కల్లా సరిచేశారు, మార్చి మొదటి వారంలో 15,000 డాలర్లు వచ్చాయి. తన సొంత ఖాతా మీదే ప్రయోగం చేసుకున్నాడు, అది గమనించండి. అందుకే ఈ కథలో వకీలు కనపడడు.

బహుమతులిచ్చినంత మాత్రాన పెద్దమనుషులని నమ్మెయ్యకండి. ఉబర్ సంగతి. 2016లో ఇద్దరు దొంగలు ఉబర్ నుంచి 5.7 కోట్ల మంది వివరాలు ఎత్తుకెళ్ళి, డబ్బిమ్మని కంపెనీకే రాశారు. లక్ష డాలర్లు ఇచ్చారు. ఎలా? బగ్ బౌంటీ కింద, అంటే లోపం చెప్పినందుకు ఇచ్చే బహుమతిగా! ఆ ఇద్దరిచేతా మేమేమీ డేటా తీసుకోలేదని అబద్ధపు ఒప్పందం మీద సంతకం పెట్టించారు. అంటే దోపిడీని రిపోర్టులా వేషం కట్టించారు. ఏడాది తర్వాత కొత్త సీఈఓ వచ్చాక బయటపడింది. ఆ వ్యవహారం నడిపిన సెక్యూరిటీ అధిపతి ఎవరంటే జో సల్లివాన్. మూడేళ్ళ కిందట తొందరపడ్డామని నిజాయితీగా ఒప్పుకున్న ఆయనే. 2022 అక్టోబరులో జ్యూరీ ఆయన్ని దోషిగా తేల్చింది, 2023 మేలో మూడేళ్ళ ప్రొబేషన్, అంటే జైలుకి బదులు నిఘాలో ఉండే శిక్ష, పడింది. మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ అని గీత గియ్యలేమని నేను అనడం ఇందుకే. మనుషుల మధ్య కూడా గియ్యలేం.

గడువు గొడవ గురించి కొంచెం. లోపం చెప్పాక కంపెనీకి ఎన్నాళ్ళు టైమివ్వాలి? పాతరోజుల్లో కంపెనీలు ఏళ్ళ తరబడి కూర్చునేవి. దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగినట్టు, దాడి జరిగాక ప్యాచ్ వచ్చేది. గూగుల్ 2014లో ప్రాజెక్ట్ జీరో అనే బృందం పెట్టి, ఎవరికైనా 90 రోజులే అంది. 2015 జనవరిలో విండోస్ 8.1లో ఒక లోపానికి 90 రోజులు నిండాయి. మైక్రోసాఫ్ట్ ఏమంది? మంగళవారం ప్యాచ్ వస్తోంది, రెండు రోజులు ఆగండి అంది. గూగుల్ ఆదివారమే బయటపెట్టేసింది. మైక్రోసాఫ్ట్ బహిరంగంగానే మండిపడింది. తర్వాతి నెలలో గూగుల్ తన నియమాన్ని సడలించి, ప్యాచ్ దగ్గర్లో ఉంటే 14 రోజులు ఆగుతామంది. నా మట్టుకు నాకు గడువు ఉండాల్సిందే. గడువు లేకపోతే నా రిపోర్టులు కూడా మా ఇంజినీర్ల జాబితాలో అడుక్కి పోతాయి, రోజూ చూస్తున్నాను. కానీ రెండు రోజుల పంతం నాకు నచ్చలేదు. ఆ రెండు రోజులూ ఇబ్బంది పడింది మైక్రోసాఫ్ట్ వాళ్ళా, విండోస్ వాడుతున్న మనమా?

ఇప్పటిదాకా కంపెనీల కథ చెప్పాను. అవతల కంపెనీయే లేకపోతే? 2021లో లాగ్‌ఫర్‌జే. జావా ప్రోగ్రాముల్లో ఏం జరిగిందో రాసిపెట్టుకునే చిన్న లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాంలో కలుపుకోగలిగే రెడీమేడ్ కోడ్. మీ ప్రాజెక్టుల్లో కూడా ఉండే ఉంటుంది, మీకు తెలియకపోవచ్చు. దాన్ని పద్దు రాసుకునే గుమాస్తా అనుకోండి. వచ్చిన మాట వచ్చినట్టు రాసుకోవాలి, అంతే. ఈ గుమాస్తా ఏం చేసేవాడంటే, రాస్తున్న మాటలో "ఫలానా చిరునామాకి వెళ్ళు" అని ఉంటే, కలం పక్కన పెట్టి ఆ చిరునామాకి వెళ్ళి, అక్కడ ఇచ్చిన కోడ్ తెచ్చి ఇంట్లో నడిపేవాడు. మైన్‌క్రాఫ్ట్ ఆటలో చాట్ పెట్టెలో ఒక్క లైను టైప్ చేస్తే సర్వర్ చేతికొచ్చేది. తీవ్రతకి పదికి పది మార్కులు వేశారు.

అలీబాబా క్లౌడ్‌లో పనిచేసే చెన్ జావోజున్ దీన్ని కనిపెట్టి, నవంబరు 24న ఆ లైబ్రరీని చూసుకునే అపాచీ అనే సంస్థ వాలంటీర్లకి రాశాడు. పద్ధతి ప్రకారం రహస్యంగానే. వాళ్ళు ప్యాచ్ తయారు చేస్తుండగా డిసెంబరు 9కల్లా వివరాలు బయటికి పొక్కాయి. ఇక ఆ వారం... మాలో ఎవరూ నిద్రపోలేదు, వదిలెయ్యండి. అపాచీ వాళ్ళకి మాత్రం అది జీతమున్న పని కూడా కాదు. పగలు ఉద్యోగం, రాత్రి ఈ సేవ. వేల కోట్ల కంపెనీలు ఏళ్ళ తరబడి ఉచితంగా వాడుకుని, ఆ వారం వాళ్ళ మీద విరుచుకుపడ్డాయి. నిద్ర మానుకుని పని చేస్తుంటే, పైసా రాని పనికి ఈ తిట్లేమిటని వాళ్ళలో ఒకతను ట్విట్టర్‌లో వాపోయాడు. అటు చైనాలో ప్రభుత్వం అలీబాబా క్లౌడ్‌తో తన సమాచార భాగస్వామ్యాన్ని ఆరు నెలలు ఆపేసింది. ఎందుకంటే లోపం గురించి ముందు మాకు చెప్పలేదని. సరైన చోట చెప్పినవాడి కంపెనీకే శిక్ష పడింది.

ఇప్పుడు ఆ వాలంటీర్లకి ఇంకో బెడద. స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ అనే ఆయన కర్ల్ అనే ప్రోగ్రాం చూసుకుంటారు, మీ ఫోన్లలో కూడా ఉంటుంది. ఏఐతో రాయించిన ఉత్తుత్తి రిపోర్టులు చదవలేక చస్తున్నామని ఆయన 2025లో బహిరంగంగా మొత్తుకున్నారు. నాకూ వస్తాయి. ముచ్చటైన ఇంగ్లిష్, పద్దెనిమిది పేజీలు, లేని ఫంక్షన్‌లో ఉన్న లోపం. ఖలీల్ రోజుల్లో చెడ్డ ఇంగ్లిష్ చూసి మోసపోయాం, ఇప్పుడు మంచి ఇంగ్లిష్ చూసి మోసపోతున్నాం.

మన దగ్గరికి వస్తాను. 2010లో మన హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కి చెందిన రాప్ గోంగ్రైప్ కలిసి ఒక అసలు ఈవీఎం తెరిచి పరీక్షించి, దాన్ని ఎలా మార్చొచ్చో చూపిస్తూ పరిశోధన పత్రం రాశారు. ఈవీఎంల మంచిచెడ్డల మీద వాదన ఇవాళ పెట్టుకోను, అది వేరే రోజంతా పడుతుంది. ఆ తర్వాత జరిగింది మాత్రం చూడండి. ఆగస్టు 21న పొద్దున్నే ముంబై పోలీసులు హైదరాబాద్‌లో ఆయన ఇంటికొచ్చి అరెస్టు చేసి తీసుకెళ్ళారు. ఆ మిషన్ మీకెవరిచ్చారన్నదే వాళ్ళ ప్రశ్న. ఆయన చెప్పలేదు. వారానికి బెయిల్ వచ్చింది. అదే ఏడాది అమెరికాలో ఈఎఫ్‌ఎఫ్ అనే డిజిటల్ హక్కుల సంస్థ ఆయనకి పయనీర్ అవార్డు ఇచ్చింది. మిషన్ ఎవరిచ్చారు అన్న ప్రశ్న వినగానే నాకు నా ల్యాబ్ ఫోన్ గుర్తొస్తుంది. తలుపు దాకా ఎందుకొచ్చారు? 2018 జనవరిలో ట్రిబ్యూన్ పత్రిక, 500 రూపాయలకి ఆధార్ వివరాలు అమ్ముతున్నారని రాస్తే, ఆధార్‌ని చూసుకునే సంస్థ యూఐడీఏఐ ఫిర్యాదు మీద పెట్టిన ఎఫ్ఐఆర్‌లో విలేకరి పేరు కూడా చేరింది. అందరూ దుమ్మెత్తిపోశాక, దర్యాప్తుకి సాయం చెయ్యమని ఆ పత్రికనే కోరతామన్నారు.

నాకు ఇచ్చిన టైమ్ అయిపోయిందంటున్నారు సార్. రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

(ప్రశ్న: మేడమ్, రెండుమూడుసార్లు రాసినా కంపెనీ జవాబివ్వకపోతే ట్విట్టర్‌లో పెట్టెయ్యొచ్చా?)

పెట్టకు నాయనా. చట్టం చెప్తాను ముందు. మన ఐటీ చట్టంలో సెక్షన్ 43 ప్రకారం, యజమాని అనుమతి లేకుండా సిస్టమ్ తెరిస్తే నష్టపరిహారం అడగొచ్చు. దురుద్దేశం ఉందని రుజువు చేస్తే సెక్షన్ 66 కింద మూడేళ్ళ జైలు దాకా, ఐదు లక్షల జరిమానా దాకా ఉంది. మంచి మనసుతో చేశానంటే వదిలెయ్యాలని ఆ సెక్షన్లలో ఎక్కడా లేదు. అమెరికాలో అయితే 2022 మేలో వాళ్ళ న్యాయశాఖ, సదుద్దేశంతో చేసే పరిశోధన మీద కేసులు పెట్టొద్దని ప్రాసిక్యూటర్లకి చెప్పింది. మన దగ్గర అలాంటి మాట నాకింకా కనిపించలేదు.

అందుకని, ముందు ఆ సైట్ అడ్రసు చివర సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అనే ఫైల్ ఉందేమో చూడు. లోపం దొరికితే ఎవరికి రాయాలో అందులో ఉంటుంది, 2022లో దానికి ఒక ప్రమాణం కూడా వచ్చింది. లేదంటే సెర్ట్-ఇన్‌కి రాయి. కంప్యూటర్ భద్రత చూసుకునే కేంద్ర ప్రభుత్వ సంస్థ, లోపాలకి సీవీఈ నంబర్లిచ్చే (ఒక్కో లోపాన్ని లోకమంతా గుర్తుపట్టే నంబర్లు) అధికారం కూడా దానికి ఉంది. కంపెనీకి మధ్యవర్తిగా వాళ్ళు రాస్తే ఆ మెయిల్ బుకింగ్ కౌంటర్‌కి పోదు. ఒక్క రికార్డు చూశావంటే అక్కడే ఆగు. రెండోది తెరవకు, డౌన్‌లోడ్ చెయ్యకు, స్నేహితులకి చూపించకు. డబ్బు మాట నువ్వు ఎత్తకు. "డబ్బిస్తే చెప్తాను" అన్న ఒక్క వాక్యం చాలు, ఆ మెయిల్ నేరుగా వకీలు టేబుల్ మీదకి పోతుంది. ఏ రోజు ఏం చేశావో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకో. తేదీ, టైముతో సహా.

(ప్రశ్న: ఆ ల్యాబ్ వాళ్ళు చివరికి సరిచేశారా మేడమ్?)

నాకు ఎవరూ చెప్పలేదమ్మా. వకీలు నోటీసుకి నేను జవాబు రాశాను, తర్వాత అటు నుంచి ఏమీ రాలేదు. నేను ఆ లింక్ జోలికి మళ్ళీ పోలేదు, నాన్నకి మాటిచ్చాను. పోయినేడు అమ్మకి మళ్ళీ పరీక్షలు చేయించాం, అదే ల్యాబ్. మెసేజ్ వచ్చింది. అమ్మ లింక్ నొక్కింది. ఓటీపీ అడిగింది. కళ్ళజోడు వెతుక్కుని, ఆరంకెలూ ఒక్కొక్కటే కొట్టి, ఒకటి తప్పు పడితే మళ్ళీ మొదట్నించీ కొట్టి, "రిపోర్ట్ చూసుకోడానికి ఇంత రాద్ధాంతమా, ఎవరు పెట్టారే ఈ గోల" అని విసుక్కుంది.

నేను టీవీ చూస్తున్నట్టు కూర్చున్నాను.